సీ భాషలో సాకెట్ ద్వారా డేటా పంపడం ఎలా? రొయ్యల గుంట గట్టు నుంచి సర్వర్ దాకా

"సెండ్ తప్పేమీ చూపించడం లేదు, అవతల మాత్రం సగమే చేరుతోంది. ఎందుకని?" నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వస్తే ఈ ప్రశ్న ఆగకుండా వస్తుంది. దీనికే ఇంకో రూపం కూడా ఉంది: "ల్యాబ్‌లో బ్రహ్మాండంగా నడిచింది, కొత్తపట్నం గుంట దగ్గర పెట్టగానే మొరాయించింది." రెండింటికీ ముఖ్య మూలం ఒక్కటే. సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్‌కు మన ప్రోగ్రామ్ వైపు కొస) లోకి బైట్లు రాసే ఫంక్షన్ సెండ్. అది ఇచ్చే జవాబును "చేరింది" అని అర్థం చేసుకోవడం. అది "తీసుకున్నాను" అని మాత్రమే చెబుతుంది, అది కూడా ఎన్ని బైట్లు తీసుకుందో అన్నే.

నెల్లూరు బస్టాండులో కార్గో కౌంటర్‌లో పార్సిల్ ఇచ్చి రశీదు తీసుకుంటారు కదా. ఆ రశీదు పార్సిల్ ఒంగోలు చేరిందనడానికి సాక్ష్యం కాదు. సెండ్ జవాబు కూడా అలాంటి రశీదే. మీ బైట్లు మీ సొంత కంప్యూటర్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగం) తాత్కాలికంగా దాచుకునే బఫర్‌లోకి వెళ్లాయి. అంతవరకే.

ఈ వ్యాసం మొత్తానికి ఒకే ఉదాహరణ తీసుకుందాం. రొయ్యల గుంట గట్టు మీద ఒక చిన్న లినక్స్ బోర్డు ఉంది. పది నిమిషాలకోసారి నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఉష్ణోగ్రత చదివి సర్వర్‌కి పంపాలి. వనామీ గుంటలో ఆక్సిజన్ 4 పీపీఎం కన్నా దిగకూడదంటారు, అది పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ రీడింగ్ ఒకటి దారిలో పోయిందంటే ఏరియేటర్ వేయాల్సిన రైతుకు కబురు అందదు. అందుకే "ఏదో ఒకలా వెళ్తుందిలే" అని రాసిన ప్రోగ్రామ్ ఇక్కడ పనికిరాదు.

ఫంక్షన్ల పేర్లు నోటితో పలికినట్టే రాశాం. టైప్ చేసేటప్పుడు అవన్నీ ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. రిసీవ్ మాత్రం ఆర్ఈసీవీ అని నాలుగక్షరాలే, మెమ్‌కాపీలో కాపీ సీపీవై అనే, గాయ్‌స్ట్రెర్రర్‌లో గాయ్ తర్వాత అండర్‌స్కోర్ ఉంటుంది. ఎర్రర్‌లను నంబర్లతో చెప్పాం. ఆ నంబర్లు మామూలు పీసీల్లోని, రాస్ప్‌బెర్రీ పై వంటి బోర్డుల్లోని లినక్స్‌కి సంబంధించినవి.

కావలసినవి

లినక్స్ ఉన్న కంప్యూటర్ ఒకటి చాలు. ఉబుంటు గానీ డెబియన్ గానీ ఏదైనా సరే. విండోస్‌లో ఉంటే, దానిలోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వేసుకోండి. జీసీసీ కంపైలర్, నెట్‌క్యాట్ (పోర్టు మీద విని వచ్చింది చూపేది), ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ను పిలిచే పిలుపులు చూపేది), టీసీపీడంప్ (నెట్‌వర్క్ మీద వెళ్లే ప్యాకెట్లు చూపేది) ఇన్‌స్టాల్ చేసుకోండి. చివరి మూడూ ఉంటే మంచిదని కాదు, ఉండి తీరాలి. అవి లేకుండా నెట్‌వర్క్ ప్రోగ్రామ్ రాయడమంటే మీటర్ లేకుండా కరెంటు పని చేయడమే. కంపైల్ చేసేటప్పుడు ఎక్కువ హెచ్చరికలు చూపించే డబ్ల్యూ-ఆల్, డబ్ల్యూ-ఎక్స్‌ట్రా ఆప్షన్లు రెండూ పెట్టండి. పోర్టు నంబరు 1024 పైన ఏదైనా తీసుకోండి, కిందివాటికి రూట్ అనుమతి కావాలి. ఇక్కడ 5000 అనుకుందాం.

1. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందు తేల్చుకోండి

గుంట దగ్గర నెట్ అంటే చాలావరకు సిమ్ కార్డే. మొబైల్ నెట్‌వర్క్ మీ బోర్డుకు ఇచ్చే ఐపీ చిరునామా సాధారణంగా బయటి ప్రపంచానికి కనపడదు. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, చాలామంది ఒకే పబ్లిక్ చిరునామాను పంచుకుంటున్నారని అర్థం. అలాంటి బోర్డు మీద సర్వర్ పెట్టి ఒంగోలు నుంచి దానికి కనెక్ట్ కావాలని చూస్తే ఎన్నాళ్లైనా కాదు. కాబట్టి బోర్డు క్లయింట్ (కనెక్షన్ మొదలుపెట్టేది), పబ్లిక్ ఐపీ ఉన్న కంప్యూటర్ సర్వర్ (దాని కోసం వింటూ ఉండేది). ఇది తిరగేసి మొదలుపెట్టినవాళ్లు ప్రాజెక్టు సగంలో మొత్తం మళ్లీ రాయాల్సి వస్తుంది.

2. కనెక్షన్ తెరవండి

పాత పుస్తకాల్లో ఉండే గెట్‌హోస్ట్‌బైనేమ్ వదిలేయండి. సర్వర్ పేరు నుంచి ఐపీ చిరునామా వెతికే గెట్‌అడ్రిన్ఫో వాడండి. దానికిచ్చే హింట్స్ స్ట్రక్చర్‌ను ముందుగా మెమ్‌సెట్‌తో సున్నా చేయాలి, లేకపోతే చెత్త విలువలతో పిలిచినట్టవుతుంది. అది ఒక చిరునామా కాదు, ఒక జాబితా ఇస్తుంది. జాబితాలో ఒక్కొక్కదానికీ సాకెట్ తెరిచి, కనెక్ట్ ప్రయత్నించి, కాకపోతే ఆ సాకెట్‌ను క్లోజ్ చేసి తర్వాతిదానికి వెళ్లండి. మొదటిదానితోనే ఆపేస్తే, ఐపీవీ6 చిరునామా ముందు వచ్చి అది పనిచేయని చోట మీ ప్రోగ్రామ్ కారణం లేకుండా ఓడిపోతుంది. పని అయ్యాక జాబితాను ఫ్రీఅడ్రిన్ఫోతో వదిలేయండి.

గెట్‌అడ్రిన్ఫో తన తప్పును ఎర్‌నోలో (చివరి తప్పు నంబరు ఉండే వేరియబుల్) పెట్టదు, తన జవాబులోనే ఇస్తుంది. దానికి, ఎర్‌నోను మాటల్లో చూపించే పెర్రర్ కాకుండా గాయ్‌స్ట్రెర్రర్ వాడాలి.

చిరునామా స్ట్రక్చర్‌ను మీరే చేత్తో నింపుతున్నారా? పోర్టును, బైట్లను నెట్‌వర్క్ వరుసలో పెట్టే హెచ్‌టోఎన్ఎస్ గుండా పంపడం మరవకండి. మరిస్తే 5000 కాస్తా 34835 అవుతుంది. సర్వర్ 5000 మీద కూర్చుని ఉంటుంది, మీరు 34835 తలుపు కొడుతుంటారు.

కనెక్ట్ తప్పితే ఎర్‌నో నంబరు చూడండి, కారణం అందులోనే ఉంటుంది.

111 వస్తే అవతలి కంప్యూటర్ దొరికింది, ఆ పోర్టు మీద వినేవాళ్లు లేరు. సర్వర్ నడవడం లేదు, లేదా అది 127.0.0.1కి బైండ్ అయి సొంత ఇంటివాళ్లకు మాత్రమే తలుపు తీస్తోంది. సర్వర్‌ను 0.0.0.0కి బైండ్ చేయండి.

110 వస్తే జవాబే రాలేదు. ఎక్కువసార్లు ఫైర్‌వాల్ మింగేస్తుంది, లేదా ఐపీ తప్పు.

113 వస్తే ఆ మెషిన్ దాకా దారి దొరకలేదు, ఒకే రౌటర్ కింద ఉన్న అవతలి మెషిన్ ఆఫ్ అయినప్పుడు ఇదే వస్తుంది. 101 వస్తే మీ బోర్డుకే నెట్ లేదు.

ఎర్‌నోను వెంటనే ఒక వేరియబుల్‌లో దాచుకోండి. మధ్యలో ఒక ప్రింట్ఎఫ్ పెట్టినా అది మారిపోవచ్చు.

3. సందేశం ఆకారాన్ని కాగితం మీద గీయండి

మన కనెక్షన్ నడిచే పద్ధతి పేరు టీసీపీ. అది బైట్ల ప్రవాహం. సంగం దగ్గర కావలి కాలువలో మూడు బిందెల నీళ్లు ఒకదాని తర్వాత ఒకటి కుమ్మరించారనుకోండి. కింది తూము దగ్గర నిలబడ్డ మనిషికి అవి మూడు బిందెలుగా రావు, పారే నీళ్లుగా వస్తాయి. అలాగే మీరు మూడుసార్లు సెండ్ చేస్తే అవతల మూడుసార్లు రిసీవ్ కావాలని ఏమీ లేదు. ఒకేసారి అన్నీ రావచ్చు, ఏడు ముక్కలుగా రావచ్చు. బైట్ల వరుస మాత్రం తప్పదు. ఎక్కడ ఒక సందేశం ముగిసిందో చెప్పే బాధ్యత పూర్తిగా మీదే.

అందుకని ప్రతి సందేశం ముందూ దాని పొడవు పెట్టండి. మన రీడింగ్‌కు ఈ అమరిక సరిపోతుంది:

పొడవు 2 బైట్లు, సందేశం రకం 1 బైటు, గుంట నంబరు 2 బైట్లు, సమయం 4 బైట్లు, ఆక్సిజన్ 2 బైట్లు, ఉష్ణోగ్రత 2 బైట్లు. పొడవు గడిని వదిలేస్తే లోపలి సరుకు 11 బైట్లు, దానితో కలిపి 13.

ఆక్సిజన్ 4.37 అయితే 100తో గుణించి 437గా పంపండి. ఫ్లోట్‌ను ఉన్నది ఉన్నట్టు పంపకండి. గుణించాక నేరుగా ఇంట్‌లోకి మార్చకుండా ఎల్‌రౌండ్ వాడండి. 4.35ని 100తో గుణిస్తే డబుల్‌లో 434.99 చిల్లర వస్తుంది, నేరుగా మారిస్తే 434 అయిపోతుంది.

ఇప్పుడు ఒక ముఖ్యమైన హెచ్చరిక. సీ స్ట్రక్చర్‌ను అలాగే సెండ్‌కి ఇవ్వకండి. 1 బైటు, 4 బైట్లు, 2 బైట్లు ఉన్న మూడు సభ్యుల స్ట్రక్చర్‌కి సైజ్ఆఫ్ 7 అని కాక మామూలుగా 12 అని వస్తుంది. మధ్యలో, చివర కంపైలర్ ఖాళీలు నింపుతుంది. ప్యాక్డ్ అని పెడితే ఖాళీలు పోతాయి, ఒక సంఖ్యలో ఏ బైటు ముందు అనే బైట్ల వరుస సమస్య మిగిలే ఉంటుంది. దానికన్నా 13 బైట్ల అన్‌సైన్డ్ క్యార్ బఫర్ తీసుకుని, ఒక్కో విలువను పెద్ద బైటు ముందుగా మీరే పెట్టండి. 437ని 8 బిట్లు కుడికి జరిపితే 1, అదే 437ని 255తో ఆండ్ చేస్తే 181. కాబట్టి బఫర్‌లో 1, 181. ఇలా రాసిన కోడ్ ఏ మెషిన్ మీదైనా ఒకేలా నడుస్తుంది. హెచ్‌టోఎన్ఎస్, హెచ్‌టోఎన్ఎల్ వాడి మెమ్‌కాపీ చేసినా సరే.

సందేశం రకం 1, 12వ నంబరు గుంట, సమయం 1750000000 (అంటే 2025 జూన్ 15 రాత్రి 8 గంటల 36 నిమిషాలు దాటాక), ఆక్సిజన్ 4.37, ఉష్ణోగ్రత 29.50 అయితే మీ 13 బైట్లు దశాంశంలో ఇలా ఉండాలి:

0 11 1 0 12 104 78 225 128 1 181 11 134

ఈ వరుసను రాసిపెట్టుకోండి. చివర్లో పరీక్షించేటప్పుడు ఇదే కొలబద్ద.

బైట్లు తిరగబడ్డాయని ఎలా తెలుస్తుంది? 4.37 అవతల 463.37గా కనిపిస్తుంది, 12వ గుంట 3072వ గుంట అవుతుంది. పొడవు గడే తిరగబడితే ఇంకా మోసం. 11 కాస్తా 2816 అవుతుంది, సర్వర్ 2816 బైట్ల కోసం కదలకుండా ఎదురు చూస్తుంది. ఎర్రర్ ఉండదు, క్రాష్ ఉండదు, చప్పుడే ఉండదు. సర్వర్ "హ్యాంగ్" అయిందని చెప్పేవాళ్లలో చాలామందిది ఈ జబ్బే.

ఇంత ఎందుకు అనుకుంటే వచనంగా పంపొచ్చు: ఒక రీడింగ్ ఒక లైను, చివర న్యూలైన్. కంటితో చదవొచ్చు, నెట్‌క్యాట్‌తో చూడొచ్చు. రీడింగ్‌లో న్యూలైన్ రాకూడదు, అంతే. రెండు మూడు గుంటలకు ఇది నిజంగా మంచి ఎంపిక. కింది అంచెలు దానికీ వర్తిస్తాయి.

4. మొత్తం వెళ్లేదాకా పంపే లూపు రాయండి

ఈ ఒక్క అంచెను ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తే సగం సమస్యలు పుట్టవు. సెండ్‌ను నేరుగా ఎక్కడా పిలవకండి. "అంతా పంపు" అనే ఒక ఫంక్షన్ రాసుకుని ప్రోగ్రామ్ అంతటా దాన్నే వాడండి. దాని నడక ఇది:

"పంపినవి" అనే లెక్కను సున్నాతో మొదలుపెట్టండి. పంపినవి మొత్తం కన్నా తక్కువగా ఉన్నంతసేపూ సెండ్‌ను పిలవండి. దానికిచ్చే చిరునామా: బఫర్ కలిపి పంపినవి. ఇచ్చే పొడవు: మొత్తం తీసివేత పంపినవి. ఫ్లాగ్: ఎంఎస్‌జీ నోసిగ్నల్ (దీని సంగతి ఐదో అంచెలో).

జవాబు సున్నా కన్నా ఎక్కువైతే దాన్ని "పంపినవి"కి కలిపి లూపు పైకి వెళ్లండి.

జవాబు −1, ఎర్‌నో 4 అయితే మధ్యలో సిగ్నల్ (కెర్నల్ ప్రోగ్రామ్‌కు పంపే కబురు, మొబైల్ సిగ్నల్ కాదు) తగిలింది. నష్టం లేదు, మళ్లీ పిలవండి.

జవాబు −1, ఎర్‌నో 11 అయితే బఫర్ నిండింది. నాన్-బ్లాకింగ్ సాకెట్ (పని కాకపోతే ఆగకుండా వెంటనే తిరిగొచ్చేది) అయితే పోల్‌తో "రాయడానికి చోటు" వచ్చేదాకా ఆగి మళ్లీ పిలవండి. ఆగకుండా ఊరికే తిప్పితే సీపీయూ 100 శాతం తినేస్తుంది, సోలార్ బ్యాటరీ మీద నడిచే బోర్డు రాత్రి గడవదు. బ్లాకింగ్ సాకెట్‌కు పంపే గడువు పెట్టి ఉంటే, ఇదే 11 గడువు తీరిందని చెబుతుంది. అప్పుడు విఫలమైనట్టే లెక్క.

ఇంకే నంబరు వచ్చినా కనెక్షన్ పోయింది. విఫలమని తిరిగి రండి.

జవాబును దాచే వేరియబుల్ ఎస్‌సైజ్ రకం కావాలి, అంటే మైనస్ పట్టేది. అన్‌సైన్డ్ సైజ్ రకంలో దాస్తే −1 ఒక బ్రహ్మాండమైన పెద్ద సంఖ్య అవుతుంది. "అంతా వెళ్లిపోయింది" అని లూపు సంతోషంగా బయటికి వచ్చేస్తుంది.

బఫర్ పాయింటర్ క్యార్ రకమై ఉండాలి. ఇంట్ పాయింటర్‌కి 3 కలిపితే 3 బైట్లు కాదు, 12 బైట్లు ముందుకు జరుగుతుంది.

పొడవు విషయంలో రెండు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒకటి, స్ట్ర్‌లెన్ వాడటం. మన సందేశంలో మొదటి బైటే 0. స్ట్ర్‌లెన్ దాన్ని చూసి పొడవు 0 అంటుంది. లూపు ఒక్కసారి కూడా తిరగదు, ఎర్రరూ రాదు, ఒక్క బైటూ వెళ్లదు. రెండోది, ఫంక్షన్‌లోకి వచ్చిన పాయింటర్ మీద సైజ్ఆఫ్ వాడటం. అది బఫర్ పొడవు చెప్పదు, పాయింటర్ పొడవు చెబుతుంది: 64 బిట్ మెషిన్‌లో 8. పదమూడులో ఎనిమిది వెళ్లి ఐదు ఇక్కడే ఉండిపోతాయి. మొదట్లో అడిగిన "సగమే చేరుతోంది"కి ఒక్కోసారి జవాబు ఇంత చిన్నదే. పొడవును ఎప్పుడూ వేరే పరామితిగా పంపండి.

"మరి లూపు లేకుండా ల్యాబ్‌లో ఎలా పనిచేసింది?" అని అడుగుతారు. లినక్స్‌లో బ్లాకింగ్ సాకెట్ మీద సెండ్ మామూలుగా మొత్తం బఫర్‌లోకి ఎక్కేదాకా ఆగుతుంది. 13 బైట్లకు చోటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. సిగ్నల్ తగిలినప్పుడు, గడువు పెట్టినప్పుడు, నాన్-బ్లాకింగ్ చేసినప్పుడు, పెద్ద ఫైలు పంపినప్పుడు, నెట్ నెమ్మదించి బఫర్ నిండినప్పుడు సగం జవాబు బయటపడుతుంది. ల్యాబ్‌లో ఇవేవీ జరగవు. గట్టు మీద అన్నీ జరుగుతాయి.

ఒక సందేశం సగంలో తెగితే మిగతా సగాన్ని కొత్త కనెక్షన్‌లో పంపకండి. పాత కనెక్షన్‌ను మూసి, కొత్తది తెరిచి, సందేశాన్ని మొదటి బైటు నుంచి పంపండి. పాత కనెక్షన్ ఇంకా బతికే ఉన్నట్టు అనిపించినా దానిలో కొత్త సందేశం మొదలుపెట్టకండి. అవతలివాళ్లు పాత సందేశం తోక కోసం చూస్తుంటారు, కొత్త తలను తోక అనుకుంటారు. అక్కడి నుంచి ప్రతి రీడింగూ అడ్డదిడ్డమే.

పొడవు, సరుకు ఒకే బఫర్‌లో పెట్టి ఒకేసారి పంపండి. రెండు బైట్లు ఒక సెండ్‌లో, పదకొండు ఇంకో సెండ్‌లో పంపి జవాబు కోసం ఆగితే, చిన్న ముక్కలను ఆపి ఉంచే ఏర్పాటు ఇటు, రశీదును ఆలస్యం చేసే ఏర్పాటు అటు కలిసి ఒక్కోసారి 40 మిల్లీసెకన్లు తినేస్తాయి.

5. చప్పుడు లేకుండా చచ్చిపోయే ప్రోగ్రామ్‌ను ఆపండి

అవతలివాళ్లు మూసేసిన కనెక్షన్ మీద రాస్తే మీ ప్రోగ్రామ్‌కు సిగ్‌పైప్ అనే సిగ్నల్ వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే ప్రోగ్రామ్ ఒక్క ముక్క కూడా ప్రింట్ చేయకుండా ఆగిపోతుంది. షెల్‌లో చివరి కమాండ్ జవాబు 141 అని చూపిస్తే (128 కలిపి 13) ఇదే జరిగింది. విరుగుడు తేలిక: సెండ్‌కు ఎంఎస్‌జీ నోసిగ్నల్ ఫ్లాగ్ ఇవ్వండి, లేదా మెయిన్ మొదట్లోనే ఆ సిగ్నల్‌ను ఇగ్నోర్ చేయండి. అప్పుడు సెండ్ −1 ఇచ్చి ఎర్‌నోలో 32 పెడుతుంది, మీ లూపు దాన్ని పట్టుకుంటుంది. సెండ్ బదులు రైట్ ఫంక్షన్ వాడేవాళ్లకు ఫ్లాగ్ ఇచ్చే చోటు లేదు కాబట్టి రెండో దారే గతి.

ఇంకోటి గమనించండి. అవతల మూసేశాక మీరు చేసే మొదటి సెండ్ మామూలుగా గెలిచినట్టే జవాబిస్తుంది. దానికి బదులుగా అవతలి నుంచి తిరస్కారం వచ్చాక, రెండో సెండ్‌లోనే 32 లేదా 104 కనిపిస్తుంది. అంటే ఆ మొదటి రీడింగ్ పోయింది, మీకు తెలియదు. దీనికి మందు ఏడో అంచె.

6. అవతలి వైపు కూడా అంతే శ్రద్ధగా చదవండి

పంపడం గురించే అడుగుతారు గానీ, తప్పు సగంసార్లు చదివే వైపే ఉంటుంది. "సరిగ్గా ఇన్ని బైట్లు చదువు" అనే ఫంక్షన్ ఒకటి రాయండి, నాలుగో అంచె లూపులాగే. ముందు 2 బైట్లు చదివి పొడవు తేల్చి, ఆ తర్వాత అన్ని బైట్లు చదవండి.

రిసీవ్ జవాబు 0 అంటే "ప్రస్తుతానికి ఏమీ లేదు" అని కాదు, "అవతలివాళ్లు ఇక పంపరు" అని. ఇది తెలియక 0 వచ్చినా మళ్లీ మళ్లీ పిలిచే సర్వర్లు సీపీయూను కాల్చేస్తుంటాయి. సందేశం మధ్యలో 0 వస్తే చదివిన సగాన్ని పారేయండి.

పొడవు గడిని నమ్మకండి. రెండు బైట్లలో 65535 దాకా రాయొచ్చు. మన సందేశం 11 కాబట్టి 64 దాటితే కనెక్షన్ మూసేయండి. ఇంటర్నెట్‌కు తెరిచిన పోర్టును ఎవరెవరో తడుముతూనే ఉంటారు. ఈ హద్దు లేకుండా 64 బైట్ల బఫర్‌లోకి 65535 చదివితే మీ సర్వర్ వాళ్లదవుతుంది.

సర్వర్‌ను ఆపి వెంటనే మళ్లీ నడిపితే 98 వస్తోందా? బైండ్‌కు ముందే రీయూజ్‌అడ్రస్ ఆప్షన్ పెట్టండి. బైండ్ తర్వాత పెడితే ఉపయోగం లేదు.

7. చేరినట్టు అవతలివాళ్ల చేత చెప్పించండి

కార్గో రశీదు చాలదు, ఒంగోలు నుంచి "ముట్టింది" అని ఫోన్ రావాలి. ఆ ఫోన్‌ను మీరే రాయాలి. సర్వర్ రీడింగ్‌ను డిస్క్ మీద రాసిన తర్వాత (ముందు కాదు) ఒక చిన్న జవాబు పంపాలి: పొడవు, "ముట్టింది" అనే రకం, గుంట నంబరు, అదే సమయం. బోర్డు ఈ వరుసలో నడవాలి:

ముందు రీడింగ్‌ను సొంత ఫైలులో రాసుకోవాలి. తర్వాత పంపాలి. 10 సెకన్ల లోపల జవాబు వస్తే ఫైలులో "ముట్టింది" గుర్తు పెట్టాలి. రాకపోతే కనెక్షన్ మూసి, మళ్లీ తెరిచి, గుర్తు లేని రీడింగ్‌లన్నీ పాతవాటితో మొదలుపెట్టి పంపాలి. మళ్లీ మళ్లీ ఓడిపోతుంటే విరామం పెంచుతూ పోండి: 5 సెకన్లు, 10, 20, అలా 5 నిమిషాల వరకు. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు బోర్డులన్నీ ఒక్కసారిగా సర్వర్ మీద పడతాయి.

ఇలా చేస్తే ఒకే రీడింగ్ రెండుసార్లు చేరే అవకాశం ఉంది. రీడింగ్ ముట్టింది, జవాబు దారిలో పోయింది, బోర్డు మళ్లీ పంపింది. పరవాలేదు. గుంట నంబరు, సమయం రెండూ ఒకటైతే అదే రీడింగ్ అని సర్వర్ గుర్తించి కొత్తగా రాయకుండా జవాబు మాత్రం ఇవ్వాలి. రెండుసార్లు రావడం సర్దుకోవచ్చు, అసలు రాకపోవడం సర్దుకోలేం.

10 సెకన్ల గడువు ఎందుకంటే, మొబైల్ సిగ్నల్ పోయినప్పుడు లినక్స్ తనంతట తాను ఆశ వదులుకోవడానికి మామూలు సెట్టింగులతో 15 నిమిషాలకు పైగా పడుతుంది. పంపేది ఏమీ లేక ఊరికే తెరిచి ఉంచిన కనెక్షన్ అయితే ఇంకా ఘోరం. అవతలివాళ్లు ఉన్నారా అని అప్పుడప్పుడు పలకరించే కీప్‌అలైవ్ ఆప్షన్ పెట్టినా, మామూలు సెట్టింగులతో మొదటి పలకరింపు 7200 సెకన్ల తర్వాతే. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయిన గుంటకు రెండు గంటలంటే ఏమిటో రొయ్యలు పెంచేవాళ్లను అడగండి. రిసీవ్ గడువు ఆప్షన్‌తో గానీ, పోల్‌తో గానీ ఈ 10 సెకన్లు అమలు చేయండి. టీసీపీ యూజర్ టైమవుట్ ఆప్షన్ కూడా ఉంది, దానికి మిల్లీసెకన్లలో ఇవ్వాలి.

టీసీపీ బదులు యూడీపీ (కనెక్షన్ లేకుండా ప్యాకెట్లు విడివిడిగా పంపే పద్ధతి) వాడొచ్చా అంటే, ఈ పనికి వాడొచ్చు. దానిలో ఒక సెండ్‌టు ఒక ప్యాకెట్, హద్దుల గొడవ లేదు. 13 బైట్లు ఎటూ ఒక ప్యాకెట్‌లో పట్టే 1472 కన్నా తక్కువే కాబట్టి ఈథర్‌నెట్ మీద ముక్కలు కాదు. కానీ పోయిన ప్యాకెట్ గురించి ఎవరూ చెప్పరు. ఈ ఏడో అంచె దానికి ఇంకా ఎక్కువ అవసరం.

8. మర్యాదగా మూయండి

పంపడం అయిపోగానే క్లోజ్ కొట్టకండి. అవతలి నుంచి వచ్చి మీరు చదవని బైట్లు ఏమైనా ఉండగా క్లోజ్ చేస్తే, కెర్నల్ కనెక్షన్‌ను తెంపేస్తుంది. చివరగా మీరు పంపినవి కూడా దారిలో పోవచ్చు. షట్‌డౌన్‌ను "ఇక రాయను" అనే ఆప్షన్‌తో పిలిచి, రిసీవ్ 0 ఇచ్చేదాకా చదివి, ఆ తర్వాత క్లోజ్ చేయండి.

9. పరీక్షించండి

మొదట మీ సర్వర్‌ను పక్కన పెట్టండి. ఒక టెర్మినల్‌లో నెట్‌క్యాట్‌ను 5000 మీద వినమని చెప్పి, దాని అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లించండి. (నెట్‌క్యాట్ "ముట్టింది" అని చెప్పదు కాబట్టి క్లయింట్ ఒక్కసారే పంపి ఆగిపోయేలా పెట్టుకోండి.) ఆ ఫైలును ఓడీ కమాండ్‌తో ఒక్కో బైటు దశాంశంలో చూపించమని అడగండి. మూడో అంచెలో రాసిపెట్టుకున్న 13 సంఖ్యలతో సరిపోల్చండి. 13 కన్నా తక్కువ ఉంటే పొడవు తప్పు. 13 ఉండి జంటలు తిరగబడి ఉంటే బైట్ల వరుస తప్పు. ఎక్కువ ఉంటే స్ట్రక్చర్ ఖాళీలు దూరాయి.

తర్వాత క్లయింట్‌ను ఎస్‌ట్రేస్ కింద నెట్‌వర్క్ పిలుపులు మాత్రమే చూపించమని నడపండి. అందులో సెండ్ అని వెతికితే కనపడకపోవచ్చు, సెండ్‌టు అని ఉంటుంది. అదే ఇది. అడిగిన పొడవు, వచ్చిన జవాబు పక్కపక్కనే కనిపిస్తాయి.

మూడోది సర్వర్‌కు పరీక్ష. క్లయింట్‌లో ఒక్కో బైటునూ విడిగా, మధ్యలో ఒక సెకను ఆగుతూ పంపండి. సుమారు 12 సెకన్ల తర్వాత సర్వర్ ఒకే ఒక్క సరైన రీడింగ్ రాయాలి. దీని తర్వాత వేర్వేరు సమయాలున్న 100 సందేశాలను ఒకే బఫర్‌లో పేర్చి ఒకేసారి పంపండి. సరిగ్గా 100 రీడింగ్‌లు రావాలి. ఈ రెండూ గెలిచిన సర్వర్ హద్దుల విషయంలో మోసం చేయదు.

నాలుగోది బఫర్ నింపడం. సర్వర్‌ను యాక్సెప్ట్ తర్వాత చదవకుండా నిద్రపుచ్చండి. క్లయింట్ చేత నాన్-బ్లాకింగ్‌గా కొన్ని మెగాబైట్లు పంపించండి. సగం జవాబులు, 11 నంబరు ఇప్పుడు కళ్లారా చూస్తారు. ఎస్ఎస్ కమాండ్‌లో ఆ కనెక్షన్ పక్కన పంపాల్సిన క్యూ పెరిగి కనిపిస్తుంది. అవతల ఇంకా అందుకోని బైట్లవి. సర్వర్ నిద్ర లేచాక అన్నీ చేరాయో లేదో, పంపిన ఫైలు, అందిన ఫైలు రెండింటి ఎండీ5 (ఫైలుకు వేలిముద్ర వంటి సంఖ్య) పోల్చి చూడండి.

ఐదోది పాడు నెట్. టీసీ కమాండ్‌తో లోకల్ ఇంటర్‌ఫేస్ మీద 300 మిల్లీసెకన్ల ఆలస్యం, 10 శాతం నష్టం పెట్టి ఒక గంట నడపండి. అయ్యాక ఆ నియమం తీసేయడం మరవకండి. మరిచి, మర్నాడు కంప్యూటర్ మొత్తం నెమ్మదించిందని తల పట్టుకునేవాళ్లున్నారు.

చివరిది గట్టు పరీక్ష. బోర్డును 24 గంటలు నడపండి. ఆ రోజులో కనీసం మూడుసార్లు సిమ్ డాంగిల్ పీకి పెట్టండి, ఒకసారి సర్వర్‌ను చంపి లేపండి, ఒకసారి బోర్డు కరెంటే తీసేయండి. పది నిమిషాలకు ఒకటి చొప్పున గుంటకు రోజుకు 144 రీడింగ్‌లు. కరెంటు లేని సేపు చదవనివి తీసేస్తే, బోర్డు ఫైలులో ఎన్ని ఉన్నాయో సర్వర్‌లో అన్నే ఉండాలి, ఏదీ రెండుసార్లు ఉండకూడదు. రెండు లెక్కలూ ఒకటయ్యాకే బోర్డును నీళ్లు దూరని డబ్బాలో పెట్టి గట్టు మీద బిగించండి.